పొయ్యికింత చందాతో కట్టిన బడి

ఊళ్లో బడి ఎవరిది? పిల్లల్ని పంపే తల్లిదండ్రులదేనా? జపాన్‌లోని క్యోటోవాసులు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పారు.

1869లో చక్రవర్తి మకాం టోక్యోకు మారింది. వెయ్యేళ్లకు పైగా రాజధానిగా వెలిగిన క్యోటో కళ తప్పింది. ఇక ఊరిని నిలబెట్టేది చదువేనని అక్కడివాళ్లు నమ్మారు. ఆ ఏడాదే పేటకొకటి చొప్పున 64 ప్రాథమిక పాఠశాలలు తెరిచారు. దేశమంతటికీ విద్యా చట్టం వచ్చింది ఆ తర్వాత, 1872లో!

మరి డబ్బు? పొయ్యి వెలిగే ప్రతి ఇంటి నుంచీ చందా వసూలు చేశారు. పిల్లలు లేనివాళ్లూ ఇచ్చారు. అందుకే ఆ బడి పాఠాలకే పరిమితం కాలేదు. పేట పెద్దలు సమావేశమయ్యేదీ అక్కడే. అగ్నిప్రమాదాలను కనిపెట్టే నిఘా గోపురాలూ కొన్ని బడులపైనే ఉండేవి.

వాటిలో ఒకటి తత్సుయికే పాఠశాల. దాని ప్రధాన భవనాన్ని 1929లో కట్టారు. కాలక్రమంలో నగరం నడిబొడ్డున కాపురాలు తగ్గాయి, పిల్లలూ తగ్గారు. 1995లో బడి మూతపడింది.

భవనాన్ని మాత్రం పడగొట్టలేదు. నగరపాలక సంస్థ, క్యోటో సెయికా విశ్వవిద్యాలయం కలిసి 2006 నవంబరులో అక్కడ అంతర్జాతీయ మాంగా మ్యూజియం తెరిచాయి. మాంగా అంటే జపనీయుల బొమ్మల కథలు. వాటికి సంబంధించినవి అక్కడ దాదాపు మూడు లక్షలున్నాయి. మొత్తం 200 మీటర్ల పొడవైన అరల్లో 50 వేల పుస్తకాలు... నచ్చింది తీసుకుని ఎక్కడైనా కూర్చుని చదువుకోవచ్చు. ఒకప్పటి ఆటస్థలంలో పచ్చిక మీద పడుకుని మరీ చదువుతారు! నడుస్తుంటే పాత చెక్క నేల కిర్రుమంటుంది. ప్రధానోపాధ్యాయుడి గది అలాగే ఉంది. బడి చరిత్ర చెప్పే ప్రదర్శన కూడా పెట్టారు.

మన పల్లెల్లోనూ ఒకరు స్థలమిచ్చి, మరొకరు గది కట్టించి నిలబెట్టిన బడులు ఎన్నో. గోడమీది శిలాఫలకంపై వాళ్ల పేర్లు ఇంకా కనిపిస్తాయి. పిల్లలు తగ్గారని కొన్నింటికి తాళం పడుతోంది. తాళం పడ్డ భవనానికి వాన, చెద, పిచ్చిమొక్కలే దిక్కు. నాలుగేళ్లు తిరిగేసరికి 'శిథిలమైంది, కూల్చేయాలి' అనే మాట వస్తుంది.

గ్రంథాలయమో, కుట్టు శిక్షణ కేంద్రమో, పెద్దలు పొద్దుపుచ్చే చోటో... ఏదో ఒకటి అక్కడ నడవాలి. అదేమిటో ఊరినే అడగాలి. అదీ తాళం వేయకముందే!