కోతికి ఎల్ల గోదావరి, లారీకి కాదు

"పట్టి ఏటి అవతల వదిలేస్తే పీడ విరగడవుతుంది." కోతుల బెడద మాట వచ్చినప్పుడల్లా మన ఉభయగోదావరుల్లో వినిపించే పరిష్కారమిది. ఇది పరిష్కారం కాదు, అజ్ఞానమని నా వాదం. ఏకీభవించని మిత్రులు నిస్సంకోచంగా ఖండించవచ్చు.

మనం "కోతి" అన్న ఒక్క మాటతో సరిపెట్టేది రెండు జాతులను. నెత్తిన టోపీ పెట్టినట్టు వెంట్రుకలూ, ఒంటికంటే పొడవైన తోకా ఉన్నది బోనెట్ మకాక్. పొట్టి తోకా, ఎరుపు తిరిగిన పిరుదులూ ఉన్నది రీసస్. రీసస్ అఫ్ఘానిస్థాన్ నుంచి చైనా దాకా ఉంది. బోనెట్‌కు మాత్రం దక్షిణ భారతమే పుట్టిల్లు, మరో దేశం లేదు. పడమట తపతి, తూర్పున గోదావరి ఈ రెంటికీ ఎల్లలని జంతుశాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతూ వచ్చారు. కొండముచ్చుల్లోనూ ఇంచుమించు ఇదే గీత: ఉత్తరాదివి తోకను వీపు మీదుగా తలవైపు వంచుతాయి, దక్షిణాదివి వెనక్కు వేలాడేస్తాయి.

కోతికి ఈత రాక కాదు. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన పొడవే దాదాపు 2.7 కిలోమీటర్లు, పిల్లాజెల్లాతో గుంపంతా అంత నీటిని దాటడం మాటలా? నది ఒక్కటే కారణమనను, అడవీ వానా కూడా కలిసి గీసిన గీత అది. దాన్ని చెరపడానికి మనకు ఒక బోనూ, ఒక లారీ, ఒక రాత్రీ చాలు.

రీసస్ దక్షిణానికి చొచ్చుకొస్తూ బోనెట్ తావులను ఆక్రమిస్తోందని 2011లో కుమార్, రాధాకృష్ణ, సిన్హాలు హెచ్చరించారు. అంతర్జాతీయ ఎర్రజాబితాలో ఇప్పుడు బోనెట్ ముప్పున్న జాతి. చట్టానికీ ఈ తేడా తెలుసు: వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ బోనెట్‌ను మొదటి షెడ్యూలులో ఉంచి, రీసస్‌ను జాబితాల్లోంచే తీసేసింది. తెలియనిది బోను పెట్టేవారికే!

కొబ్బరి రైతు నష్టం అబద్ధమని నేననను. కానీ తరలించిన గుంపు మరో ఊరి మీద పడుతుంది. ఖాళీ అయిన తోటకు మరో గుంపు వస్తుంది. పుట్టుకలను అదుపు చేసే శస్త్రచికిత్సలూ, వీధుల్లో తిండి పారెయ్యకపోవడమూ నిదానమైన దారులే, అయినా దారులు. ఊరూరా ఆంజనేయుడికి గుడి కట్టిన మనం, బోను లారీకెక్కించే ముందు కనీసం తోకైనా చూడలేమా?