బీపీ పుస్తకంలో ఇంకో రెండు గళ్లు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెలకు, తండాలకు, సింగరేణి కాలనీలకు

మా చిన్నమ్మకు బీపీ ఉందని తెలిసి తొమ్మిదేళ్లు. ఆమె బీపీ పుస్తకం నిండా అంకెలే: 160/100, 150/90, మళ్లీ 170. ఒక్క పేజీలోనైనా మూత్రపరీక్ష ఊసు లేదు. గోలీలు అయిపోతే ఆ నెల మానేసేది, తల దిమ్మెక్కితే మళ్లీ మొదలుపెట్టేది. మిరప ఏరే రోజుల్లో నడుము పట్టేసినప్పుడల్లా ఊళ్లోనే సూది వేయించుకునేది. కాళ్లు ఉబ్బితే "నీరు పట్టిందిలే" అనుకున్నాం. తీరా రక్తం పరీక్ష చేయిస్తే, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 7 దాటింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మిషన్ పక్కన పడుకుంటుంది. ఎడమ చేతికి డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేసిన చోట వేలు ఆనిస్తే లోపల మోటారు తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. ఆ చేత్తో బిందె ఎత్తొద్దన్నారు. నీళ్ల కాడ ఆమె ఊరికే నిలబడటం చూస్తే మాకు ఎట్లో అవుతుంది.

ఇది మా ఇంటి ఖర్మే అయితే కరపత్రం వేసేవాళ్లం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో పదిహేనేళ్లు పైబడిన ఆడవాళ్లలో 26 శాతం, మగవాళ్లలో 31 శాతం మంది బీపీ ఎక్కువ ఉన్నవాళ్లో, దానికి మందు వాడుతున్నవాళ్లో. మీ వాడకట్టులో ఇళ్లు లెక్కపెట్టుకోండి, ఎందరవుతారో.

మిరప చేన్లో డ్రిప్పు వేసినవాళ్లకు ఈ రోగం సంగతి చిటికెలో అర్థమవుతుంది. మోటారు ప్రెషర్ మితిమీరితే సన్న పైపులు ముందు దెబ్బతింటాయి. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల జల్లెడలుంటాయి, ఒక్కోటీ వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాల చుట్ట. నిమిషానికి లీటరు పైచిలుకు రక్తం రెండు కిడ్నీల గుండా పోతుంది. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువుంటే నాళాలు గట్టిపడతాయి, జల్లెడ కన్నాలు పెద్దవవుతాయి. ఒంట్లో ఉండాల్సిన ప్రోటీను మూత్రంలోకి జారిపోతుంది. పాడైన కిడ్నీ ఉప్పునూ నీటినీ బయటికి పంపలేదు, పైగా బీపీ పెంచే రసాయనాలు వదులుతుంది. బీపీ కిడ్నీని తింటుంది, కిడ్నీ బీపీని పెంచుతుంది. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. మనం మోసపోయేదంతా అక్కడే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్లుగా వెతుకుతున్నా కచ్చితమైన కారణం తేలలేదు. మన దగ్గర బీపీ విషయంలో ఆ చిక్కు లేదు. షుగర్ తర్వాత కిడ్నీలను ఎక్కువగా దెబ్బతీసేది బీపీయేనని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. తెలిసిన దొంగను ఇంట్లో కూర్చోబెట్టుకున్నాం.

అందుకే మేం ముఖ్యంగా అడిగేది ఒక్కటి. బీపీ ఉన్న ప్రతి మనిషికీ ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను, రక్తంలో క్రియాటినిన్ చూడాలి. చూసి బీపీ పుస్తకంలోనే రాయాలి. దానికి రెండు గళ్లు చాలు. ఒక్క క్రియాటినిన్‌నే నమ్ముకోవద్దు. కిడ్నీ పని సగం తగ్గేదాకా అది మామూలుగానే కనిపించొచ్చు. మూత్రం అంతకన్నా ముందే చెబుతుంది.

ఇదేం కొత్త యంత్రాలు కొనే పని కాదు. గర్భిణులకు మూత్రంలో ఆల్బుమిన్ పట్టీతో చూడటం ఏఎన్ఎమ్మలకు ఎప్పటినుంచో అలవాటే. ఆ పట్టీ బీపీ మనిషికి ఎందుకు పనికిరాదు? అనుమానం వస్తే నమూనా తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు పంపొచ్చు, అక్కడ పరీక్షలు ఉచితమే. 2017లో దేశవ్యాప్త బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలైన ఐదు రాష్ట్రాల్లో మనదొకటి. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకు, భూపాలపల్లికి మెడికల్ కాలేజీలొచ్చాయి. ఇంత పెద్ద ఇంట్లో పట్టీ ముక్కకు చోటు లేదంటే నమ్మలేం.

"తెలిసి మాత్రం ఏం చేస్తాం, పోయిన కిడ్నీ తిరిగొస్తుందా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. తిరిగిరాదు. కానీ ప్రోటీను పోతోందని ముందే తెలిస్తే డాక్టరు మందు మారుస్తాడు. టెల్మిసార్టాన్, ఎనాలాప్రిల్ లాంటివి బీపీ తగ్గిస్తూనే కిడ్నీకీ కాపు కాస్తాయి. అవి ఎవరికి పడతాయో, ఎంత వేయాలో డాక్టరే తేల్చాలి, పక్కింటివాళ్ల గోలీ అడిగి వేసుకోవద్దు. డయాలసిస్ మెట్టు కొన్నేళ్లు వెనక్కి జరిగినా అది చిన్న సంగతి కాదు. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితమే, 2023 నుంచి ఆ రోగులకు నెలకు 2,016 రూపాయల పింఛనూ ఉంది. అయినా వారంలో మూడు కూలీలు పోతాయి. తోడు వెళ్లే మనిషివి ఇంకో మూడు.

సూదుల సంగతి కూడా చెప్పుకోవాలి. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు కిడ్నీకి రక్తం పోవడాన్ని తగ్గిస్తాయి, బీపీ గోలీ పనిని చెడగొడతాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తాగక, సాయంత్రం ఆ సూది వేయించుకుంటే దెబ్బ రెట్టింపు. ఊళ్లో వైద్యం చేసే అన్నలారా, సూది తీసేముందు "బీపీ ఉందా?" అని ఒక్క మాట అడగండి. మీ మీద మాకు కోపం లేదు, రాత్రి పదింటికి తలుపు తీసేది మీరే. ఉప్పు గురించి రోజంతటికీ టీ చెంచాకు మించొద్దని అందరూ చెబుతూనే ఉన్నారు. తొక్కు జాడీ ఎదురుగా పెట్టుకుని మేం కొత్తగా చెప్పేదేముంది!

రాబోయే గ్రామసభకు ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ రండి, పుస్తకం ఉన్నవాళ్లు వెంట తెచ్చుకోండి. సర్పంచుకు ఈ తీర్మానం ఇవ్వండి: "మా గ్రామంలో బీపీ రోగులందరికీ ఏటా మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు పల్లె దవాఖానలోనే జరపాలని, బీపీ గోలీలు ఏ నెలా ఆగకుండా ఇవ్వాలని, పరీక్షల ఫలితాలు బీపీ పుస్తకంలో రాయాలని జిల్లా వైద్యాధికారిని కోరుతున్నాం." కింద సంతకాలు, వేలిముద్రలు. ఒక నకలు మండల పీహెచ్‌సీలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.