మూడో పేరు

2023 ఆగస్టు 18వ తేదీ సాయంకాలం మా ఇంట్లో జరిగినంత వాదం మా ఇంట ఏ పెళ్ళిలోనూ జరగలేదు. ఒక పక్క మా అబ్బాయి, రెండో పక్క మా బావమరిది. వాదం దేన్ని గురించంటే, ఇంగ్లండులోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టువారు జర్మనీ నుంచి ముప్ఫయ్యేళ్ళ జపాను ఆటగాణ్ణి ఒకణ్ణి కొనుక్కున్నారట. అది మంచి బేరమా, కాదా?

వాదిస్తున్న ఇద్దరిలో ఒక్కరూ లివర్‌పూల్ చూసినవారు కారు. ఆ మాటకొస్తే ఇద్దరికీ పాస్‌పోర్టు లేదు. అయినా "మనవాళ్ళు", "మన డబ్బు" అని గుండెలు బాదుకుంటున్నారు. వంటింట్లోంచి మా ఆవిడ, "ఆ డబ్బులో కాస్త తీసి పాలవాడి బాకీ తీర్చండిరా" అని కేకేసింది. వినేవాళ్ళెవరు?

ముందు కథ చెప్పాలి. లేకపోతే ఫుట్‌బాలంటే ఒక బంతి వెనుక ఇరవై ఇద్దరు పరుగెత్తడమే కదా అనుకునే పాఠకులకు వీళ్ళ బాధ బోధపడదు. నేనూ కొన్నాళ్ళ కిందటి దాకా ఆ బాపతు మనిషినే.

లివర్‌పూల్ ఓడరేవు పట్టణం. జట్టు పుట్టింది 1892లో. ఆన్‌ఫీల్డ్ అని వారి మైదానం, అందులో కాప్ అని పేరుమోసిన గ్యాలరీ. తాత చెయ్యి పట్టుకుని వెళ్ళిన మనవడు తాను తాత అయ్యాక కూడా అక్కడికే వెళతాడు. అటువంటి ఊళ్ళో జట్టుకు కొత్త ఆటగాడు వచ్చాడంటే ఇంటికి కొత్త అల్లుడు వచ్చినట్టే. ఎంత పోసి తెచ్చారు? వయసెంత? అంతకుముందు చూసిన సంబంధాలు ఎందుకు తప్పిపోయాయి? వీధి వీధంతా ఇవే ప్రశ్నలు.

సంబంధాలు తప్పిపోయిన మాట నిజమే. ఆ వేసవిలో జట్టు నడుమ ఆడేవాళ్ళు ఒకేసారి ఐదుగురు వెళ్ళిపోయారు. కెప్టెన్ హెండర్సన్, అతని పక్కన ఆడే ఫాబీన్యో సౌదీ అరేబియాకు పోయారు. మిల్నర్, కేటా, ఆక్స్‌లేడ్ చాంబర్లేన్ ఒప్పందం ముగిసి సెలవు తీసుకున్నారు. వీరి బదులు మెక్ అలిస్టర్, సొబొస్లాయి అనే ఇద్దరు వచ్చారు గాని, ఇద్దరూ ముందుకు దూకి ఆడే రకం. వెనక నిలబడి కాపలా కాసే హాఫ్‌బ్యాక్ స్థానం ఖాళీగా ఉండిపోయింది. దానికి ఈక్వడార్ కుర్రవాడు కైసేడోను అనుకున్నారు. ఇరవై ఒక్క ఏళ్ళవాడు. అతనున్న బ్రైటన్ జట్టుతో 111 మిలియన్ పౌన్లకు ఆగస్టు 11న బేరం కుదిరింది. మన లెక్కలో పదకొండు వందల కోట్ల పైమాటే. తాంబూలాలు పుచ్చుకోవడమే తరువాయి అనుకుంటుండగా పెళ్ళికొడుకు అడ్డం తిరిగి, తాను చెల్సీకే పోతానన్నాడు. చెల్సీవారు 115 మిలియన్ల దాకా ఇవ్వడానికి ఒప్పుకుని ఎగరేసుకుపోయారు. సరే, సౌతాంప్టన్‌లో లావియా అని పంతొమ్మిదేళ్ళవాడు ఉన్నాడు గదా అని అటు తిరిగితే, ఆ అబ్బాయీ చెల్సీ గుమ్మమే తొక్కాడు.

అప్పుడు స్టుట్‌గార్ట్ నుంచి వచ్చినవాడు వతారు ఎండో. ధర పదహారు మిలియన్ల చిల్లర, అంటే మన లెక్కలో నూట డెబ్బై కోట్లు. పరిచయస్థుల్లో సగంమంది అతని పేరే వినలేదన్నారట.

మా బావమరిది బ్యాంకులో పనిచేస్తాడు. ప్రతి వస్తువుకూ ధర చీటీ ఉంటుందనీ, ఆ చీటీ అబద్ధం చెప్పదనీ అతని నమ్మకం. "నూట పదకొండు పెట్టగలవాళ్ళు పదహారుతో సరిపెట్టుకుంటారా? పట్టుచీర కొంటామని బయలుదేరి తువ్వాలు కొనుక్కుని వచ్చినట్టుంది" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళవాడికి నాలుగేళ్ళ ఒప్పందమేమిటని మండిపడ్డాడు. ఫాబీన్యో అయితేనా, అని నిట్టూర్చాడు.

ఇక్కడ ఒక చిన్న మనవి. అదే ఫాబీన్యోను, లివర్‌పూల్ అయిదో స్థానంతో సరిపెట్టుకున్న 2022-23లో ఇదే బావమరిది, మా సోఫాలోనే కూర్చుని, "కాళ్ళలో సీసం పోసుకుని ఆడుతున్నాడు" అని తిట్టగా నేను స్వయంగా విన్నాను. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు పెద్దలు.

మా అబ్బాయి వాదం వేరు. ఎండో స్టుట్‌గార్ట్‌కు కెప్టెన్, జపాను దేశానికీ కెప్టెన్. 2022 మే 14న, ఆ ఏటి చివరి ఆటలో, చివరి నిమిషాలు కూడా దాటిపోయాక గోల్ కొట్టి స్టుట్‌గార్ట్‌ను కింది తరగతికి జారిపోకుండా కాపాడినవాడు. జర్మన్ లీగులో బంతి కోసం ఇద్దరిద్దరు పెనుగులాడేచోట అందరికన్నా ఎక్కువసార్లు గెలిచినవాడు. కోచ్ క్లాప్ జర్మనీవాడు. ఎవరి సత్తా ఏమిటో తెలియకుండానే తెచ్చాడా?

"ఎన్నయినా చెప్పరా, మూడో పేరు మూడో పేరే. ఇద్దరు కాదంటే దొరికినవాడు!" అన్నాడు బావమరిది.

గది నిశ్శబ్దమైపోయింది. మా ఆవిడ గరిటె పట్టుకునే వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. తమ్ముడి వంక ఒక చూపు, నా వంక ఒక చూపు. బావమరిది నాలుక కరుచుకుని, "అబ్బే, అది వేరు బావగారూ" అన్నాడు.

వేరేమీ కాదు. నాకూ ముప్ఫయ్యేళ్ళప్పుడే కాలేజీ ఉద్యోగం వచ్చింది. తెలుగు శాఖలో పెద్ద మేష్టారు రిటైరయ్యారు. పద్యం పుస్తకం చూడకుండా చదివితే గోడలు కూడా వినేవట. ఆయన స్థానానికి మొదట అనుకున్న పండితులు విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. రెండోవారికి సొంత ఊరి దగ్గర ఉద్యోగం దొరికింది. జాబితాలో మూడో పేరు నాది. ఈ సంగతి మొదటి జీతం నాడు ఆఫీసు గుమాస్తా, ఏదో శుభవార్త చెబుతున్నట్టు చెప్పాడు. రెండేళ్ళు "పాత మేష్టారయితే..." అన్న మాట వింటూ పాఠం చెప్పాను. ఆయన గొంతు నాకు లేదు. చేతనయిందల్లా వ్యాసాల పుస్తకాలు వారం తిరగకుండా దిద్ది ఇవ్వడం. దానికెవరూ చప్పట్లు కొట్టరు. మూడో ఏడు నేను పదిహేను రోజులు జ్వరంతో పడుకుంటే నలుగురు పిల్లలు ఇంటికి వచ్చి, "పుస్తకాలు అలాగే ఉన్నాయండీ" అన్నారు. ఆ నాటి నుంచి ఆ గుమాస్తా మాట గుర్తుకు వచ్చినా నొప్పి లేదు. అయితే పూర్తిగా మరిచిపోయానని కూడా అనను.

కనుక ఆ రాత్రి నుంచి నేను ఎండో పక్షం. ఆట తెలిసి కాదు.

సంతకం పెట్టిన మర్నాడే, శనివారం, బోర్న్‌మత్‌తో ఆట. మెక్ అలిస్టర్‌కు ఎర్ర కార్డు చూపించి పంపేశారు. పదిమంది మిగిలారు. తోటివాళ్ళ పేర్లయినా పూర్తిగా తెలిశాయో లేదో గాని, ఎండోను లోపలికి పంపారు. 3-1తో గెలిచారు. అయితే ఆ తరువాత రెండు మూడు నెలలూ మా పక్షానికి గడ్డురోజులే. ఇంగ్లీషు లీగు వేగం అతనికి అందలేదు. పెద్ద ఆటల్లో కూర్చోబెట్టారు. బావమరిది ఫోను చేసి మరీ, "తువ్వాలు ఎలా ఉంది బావగారూ?" అని అడిగేవాడు.

డిసెంబరు 3న ఫుల్‌హమ్ మీద లివర్‌పూల్ 2-3తో వెనకబడి ఉంది. ఇంకో పది నిమిషాలు కూడా లేవనగా ఎండో దిగాడు. 87వ నిమిషంలో పెట్టె బయటి నుంచి అతను తన్నిన బంతి పోయి వలలో పడింది. మరుసటి నిమిషమే అలెగ్జాండర్ ఆర్నాల్డ్ మరొకటి కొట్టాడు. 4-3. ఆ రాత్రి ఫోను రాలేదు.

కాని గోల్ కొట్టినందుకు హాఫ్‌బ్యాక్‌ను మెచ్చుకోవడం, వంటవాణ్ణి పాట బాగా పాడాడని మెచ్చుకోవడం వంటిదే. అసలు పని వేరే ఉంది. 2024 ఫిబ్రవరి 25న వెంబ్లీలో లీగ్ కప్పు ఫైనలు జరిగింది. ఎదుటి జట్టు ఎవరనుకున్నారు? చెల్సీయే. అటు నడుమ 115 మిలియన్ల కైసేడో, ఇటు నడుమ పదహారు మిలియన్ల ఎండో. బావమరిది మా ఇంటికే వచ్చాడు. మా అబ్బాయి అతనితో ఒక పందెం వేశాడు: "మామయ్యా, పది నిమిషాలు బంతి వంక చూడకు. మూడో నంబరు చొక్కా వంకే చూడు." ఆ చొక్కా అంతకుముందు ఫాబీన్యోదే.

నేనూ చూశాను. బంతి వంక చూడకుండా ఆట చూడడం అంత తేలిక కాదు, హరికథకు వెళ్ళి మృదంగం ఒక్కటే వినమన్నట్టు ఉంటుంది. కాసేపటికి కన్ను అలవాటు పడింది. అంచున ఆడే కుర్రవాడు ఉత్సాహంగా ముందుకు పరుగెత్తితే, ఇతను ఆ ఖాళీలోకి నాలుగడుగులు జరుగుతాడు. బంతి అటు రాదు. రాకపోవడానికి కారణం ఇతను అక్కడ ఉండడమే. ఎదుటివాడు తల ఎత్తి చూసి, దారి లేదని వెనక్కి తన్నుకుంటాడు. అంతే. దానిని ఏ లెక్కల పుస్తకంలో రాస్తారు?

తెలుగు వాచకం చెప్పుకునేవాణ్ణి కాబట్టి నాకు విభక్తులు గుర్తుకు వచ్చాయి. "రాముడు రావణుని చంపెను" అంటే అందరి కన్నూ రాముడి మీదా, చంపడం మీదా. మధ్యలో ఆ "ని" అనే పొట్టి అక్షరాన్ని ఎవరూ పట్టించుకోరు. తీసేసి చూడండి. "రాముడు రావణుడు చంపెను". ఎవరు ఎవరిని చంపారో వాల్మీకి వచ్చినా చెప్పలేడు.

ఆ ఆటలో ఎండో తప్పు కూడా ఒకటి చేశాడు. వాన్ డైక్ తలతో కొట్టిన గోల్ ఒకటి చెల్లలేదు. కారణం, ఎండో ఆఫ్‌సైడులో నిలబడి ఎదుటివాడికి అడ్డం పడడం. బావమరిది కుర్చీలోంచి లేచి, "చెప్పానా!" అని అరిచాడు. మా అబ్బాయి మొహం మాడిపోయింది. 118వ నిమిషంలో అదే వాన్ డైక్ మళ్ళీ తలతో కొట్టాడు, ఈసారి చెల్లింది. నూట ఇరవై నిమిషాలూ ఎండో మైదానంలోనే ఉన్నాడు. మా బావమరిది పోతూ పోతూ చెప్పులు వేసుకుంటూ, "మూడో నంబరు వాడు బాగానే నిలబడ్డాడు" అని గోడతో చెప్పినట్టు చెప్పాడు.

ఇంతమాత్రాన కైసేడో పనికిరాడని మా అబ్బాయి అంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. అందని ద్రాక్షపళ్ళు పుల్లన అనడం మర్యాద కాదు. ఆ కుర్రవాడు తరువాత చెల్సీకి వెన్నెముక అయ్యాడు. లావియా మాట వేరు, పాపం దెబ్బలు తగిలి 2023-24 అంతటికీ ఒక్క ఆటలో, అదీ అరగంటసేపు, ఆడాడు. అదృష్టానికి ధర చీటీ ఉండదు, దురదృష్టానికీ ఉండదు.

హైదరాబాదులో పాతకాలపు ఫుట్‌బాల్ అభిమానులకు ఈ నడిమి మనిషి సంగతి నేను చెప్పనక్కర్లేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు తెచ్చిన హైదరాబాదు పోలీసు జట్టును తీర్చిదిద్దిన రహీం సాహెబు బడిపంతులుగా పనిచేసినవారే. ఆ జట్టు హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్ 1952లో హెల్సింకీ, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండింటికీ వెళ్ళాడు. మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు నాలుగో స్థానం దాకా వెళ్ళారు. ఆస్ట్రేలియా మీద మూడు గోళ్ళు కొట్టిన నెవిల్ డిసౌజా పేరు చెబితే అందరూ తల ఊపుతారు. నూర్ మహమ్మద్ అంటే ఎవరని అడుగుతారు. మా కాలేజీ స్టాఫ్ రూములో అడిగి చూశాను. ఒక్క చరిత్ర మేష్టారికి తెలిసింది.

2024లో క్లాప్ వెళ్ళిపోయి స్లాట్ వచ్చాడు. ఆ వేసవిలో మళ్ళీ హాఫ్‌బ్యాక్ వేట. స్పెయిన్‌లోని జుబిమెండీ రానన్నాడు. అంటే ఎండో ఉండగానే అతని కుర్చీకి మరొకరిని వెతికారన్నమాట. చివరికి గ్రావెన్‌బర్క్ అనే జట్టులోని కుర్రవాడే ఆ స్థానంలో కుదురుకున్నాడు. ఎండో చివరి పది పదిహేను నిమిషాల మనిషి అయ్యాడు. జట్టు ఒక గోల్ ఆధిక్యంలో ఉండి, గుండెలు దడదడలాడుతున్నప్పుడు అతన్ని లేపేవారు. 2025 ఫిబ్రవరిలో వుల్వ్స్ మీద 2-1తో బయటపడిన నాడు, బెంచి మీంచి వచ్చి ఆడిన ఎండో పేరే నలుగురి నోటా వినిపించింది. ఆ ఏప్రిల్ 27న లివర్‌పూల్ ఇరవయ్యోసారి ఇంగ్లండు విజేత అయింది.

జూన్ వచ్చింది. బావమరిది మళ్ళీ మా గుమ్మంలో దిగాడు. జర్మనీ నుంచి విర్ట్స్ అనే ఇరవై రెండేళ్ళవాణ్ణి నడుమ ఆడడానికి తెస్తున్నారు. ధర అన్నీ కలిపి 116 మిలియన్లట. నేను కాఫీ ఇచ్చి, "మొత్తానికి పట్టుచీర కొన్నారయ్యా" అన్నాను.

"అదే బావగారూ నా బాధ" అన్నాడు. "నూట పదహారేమిటండీ? ఆ డబ్బుకి ఏడుగురు ఎండోలు వచ్చేవాళ్ళు."

మా అబ్బాయి గదిలోంచి, "ఏమిటి మామయ్యా, ఏమన్నావు?" అంటూ బయటికి వచ్చాడు. మా ఆవిడ లోపల ఇంకో రెండు కప్పులు కాఫీకి నీళ్ళు పడేసింది.