“బాగుంది” అన్న తరువాత

మీరు ఈమధ్య ఏదైనా నవల చదివారా? ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఏమని చెప్పారు? మనలో చాలామంది “బాగుంది” అంటాం. నచ్చకపోతే “ఫరవాలేదు” అంటాం. మాట అక్కడితో ఆగిపోతుంది. కూర ఎలా ఉందని అడిగితే మాత్రం ఉప్పు తక్కువైందనో, పులుపు ఎక్కువైందనో వెంటనే చెబుతాం. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి జంకుతాం. “పెద్దగా చదువుకోలేదు, నాకేం తెలుసు” అనుకుంటాం. ఈ జంకు అక్కరలేదని నా అభిప్రాయం. మా అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతికి వచ్చేవారు చదివిన ఒక నవల, ఒక ఆత్మకథ నాకు ఈ సంగతి తెలియజెప్పాయి.

నవల పేరు ‘కాలాతీత వ్యక్తులు’. రాసింది డాక్టర్ పి. శ్రీదేవి. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. 1963లో వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకు ఆధారం ఈ నవలే. ఆ సినిమా వచ్చేనాటికి రచయిత్రి లేరు. 1961లో, చిన్న వయసులోనే కన్నుమూశారు.

ఈ నవలలో ఇందిర ఉద్యోగం చేస్తూ ఇల్లు నడుపుతుంది. తండ్రి బరువు కూడా ఆమె మీదే. తనకు సుఖంగా బతకాలని ఉందని దాచుకోదు. కల్యాణి నెమ్మదైన పిల్ల. వైద్యం చదివే ప్రకాశం సొంతంగా ఒక నిర్ణయం తీసుకోలేని మనిషి. కల్యాణికి దగ్గరవుతున్న ప్రకాశాన్ని ఇందిర తన వైపు తిప్పుకుంటుంది. చదివినవారి మధ్య తగాదా ఇక్కడే మొదలవుతుంది.

నవల మీద అభిప్రాయం రాసుకురమ్మంటే చాలామంది ఇందిర స్వార్థపరురాలని, కల్యాణి ఆదర్శ స్త్రీ అని రాశారు. వాక్యాలు కూడా ఇంచుమించు ఒక్కటే. ఎక్కడివని అడిగితే నవ్వేశారు. ఒక గైడు చేతులు మారిందని తరువాత తెలిసింది. తప్పు వారిదని నేను అనను. పరీక్షలో మార్కులు వచ్చే జవాబు ఒకటే ఉంటుందని వారికి నేర్పింది మావంటి ఉపాధ్యాయులమే.

ఇంట్లో మిషను కుట్టి ఇద్దరు తమ్ముళ్లను చదివిస్తున్న ఒక అమ్మాయికి ఆ గైడు అందలేదు. ఆమె రాసింది ఆరు వరుసలే. జీతం వచ్చే రోజున ఇందిర అందరికీ కావాలి, మిగతా రోజుల్లో ఆమె నవ్వితే మాత్రం తప్పు. ఆ నవ్వే నాకు నచ్చింది, అని రాసింది. బస్సు కండక్టరుగా పనిచేసే ఆయన ఒప్పుకోలేదు. “కష్టపడుతోంది కాబట్టి ఏం చేసినా సరేనా అమ్మా? కల్యాణి ఏం పాపం చేసింది?” అన్నారు. “మరి ప్రకాశం చేతులు ఎవరైనా కట్టేశారా అన్నా?” అని ఆమె అడిగింది. గంటసేపు వాదించుకున్నారు. ఇద్దరూ కథలో జరిగిన సంగతులనే చూపించారు. ఆ రోజు నేను మాట్లాడింది తక్కువ.

నా మాట అడిగితే, ఇరవై ఏళ్ల వయసులో చదివినప్పుడు నాకూ ఇందిర మీద కోపం వచ్చింది. నలభై దాటాక మళ్లీ చదివితే కోపమంతా ప్రకాశం మీదికి మళ్లింది. పుస్తకంలో అక్షరం మారలేదు. ఈ మధ్యలో జీతం మీద ఇల్లు నడపడమంటే ఏమిటో నాకు తెలిసింది.

ఇక ఆత్మకథ. కొండపల్లి కోటేశ్వరమ్మగారు తొంభై ఏళ్లు దాటాక రాసిన ‘నిర్జన వారధి’ 2012లో వెలువడింది. ఆమె 2018లో మరణించారు. చిన్ననాటి పెళ్లి, ఊహ తెలియని వయసులోనే వైధవ్యం, తరువాత కొండపల్లి సీతారామయ్యగారితో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ పని, అజ్ఞాతవాసం, భర్తతో ఎడబాటు, కడుపున పుట్టిన ఇద్దరినీ పోగొట్టుకోవడం - ఇవన్నీ అందులో ఉన్నాయి. గొంతు పెంచకుండా చెప్పారు. భర్త దూరమయ్యాక ఆమె హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. తరువాత కాకినాడలో హాస్టలు మేట్రనుగా పనిచేశారు. మన తరగతిలో ఈ భాగం చదువుతున్నప్పుడు ఎవరూ పేజీ తిప్పమని తొందరపెట్టలేదు.

తగాదా వచ్చింది చివరి భాగం మీద. ముసలితనంలో జబ్బుపడిన భర్త ఆమెను చూడాలని కోరుకుంటాడు. ఆమె మనసు వెంటనే ఒప్పుకోదు. వెళ్లవలసిందేనని కొందరు, వెళ్లనక్కరలేదని కొందరు అన్నారు. నేను అడ్డుపడ్డాను. ఇందిర కాగితం మీద పుట్టిన మనిషి, ఎన్ని మాటలన్నా ఆమెకు నొప్పి లేదు. ఇది ఒక మనిషి నిజంగా బతికిన బతుకు, దానికి మనం తీర్పు చెప్పకూడదు, ఎలా రాశారో అంతవరకే మాట్లాడుకుందాం అన్నాను.

వెనక బల్ల మీద కూర్చునే ఒకావిడ లేచారు. నలభై దాటిన మనిషి, తరగతిలో నోరు విప్పడం అరుదు. “తీర్పు చెప్పడానికి కాదు సార్. మా ఆయన కూడా వదిలేసి వెళ్లిపోయాడు. రేపు కబురు వస్తే నేనేం చేయాలో తెలియక అడుగుతున్నాను. ఆమె కాకపోతే ఎవరిని అడగాలి?” అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆత్మకథ రాసినవారి బతుకును తూకం వేయకూడదని ఇప్పటికీ అనుకుంటాను. అయితే దానిని మన బతుకు పక్కన పెట్టి చూసుకోవడం వేరని ఆ రోజు నాకు తెలిసింది. ఆ రెండింటినీ ఒకటే అనుకున్నది నేను.

ఆమె అభిప్రాయ పత్రం తరువాతి వారం వచ్చింది. ‘బాగుంది’ అన్న మాట అందులో ఎక్కడా లేదు. మెట్రిక్ చదువు గురించిన పేజీ అంకె వేసి, దాని కింద తన హాల్ టికెట్ నంబరు రాసుకున్నారు. భర్త సంగతి దగ్గర మూడు వరుసలు ఖాళీగా వదిలి, ఇంకా ఆలోచిస్తున్నానని రాశారు.