అందరి పని, ఎవరి వంతు?

సంక్రాంతికి అనంతపురం వెళ్ళినప్పుడు మా చిన్నాన్న కొడుకు తన ఫోను నా చెవి దగ్గర పెట్టి "ఇదో, ఇనన్నా" అన్నాడు. వాడికి చూపు లేదు. అందులో ఉన్నది మా బృందం తయారుచేసిన యాప్. స్క్రీన్ రీడర్ చదువుతోంది: "బటన్... బటన్... బటన్." ఏ మీట డబ్బు పంపుతుందో, ఏది వెనక్కి తీసుకుపోతుందో చెప్పడం లేదు. "మూడిటికీ ఒకే పేరు పెడితే ఏది నొక్కల్లన్నా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బెంగుళూరు తిరిగి వచ్చి బృందంలో అడిగాను. కోడు రాసేవారు పేరు పెట్టాలన్నారు రూపకర్త. తనకిచ్చిన చిత్రంలో పేరే లేదన్నారు కోడు రాసినాయన. పరీక్షించే అమ్మాయి పట్టికలో ఆ అంశమే లేదు. తరువాతి విడుదలలో చూద్దామన్నారు మేనేజరు. ఇక తెర మీది మాటలు రాసేవాణ్ణి నేనే. మీటకు పేరు పెట్టడం నా పని అని నాకూ తోచలేదు. ఎవరూ అబద్ధమాడలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

మా ఊరి పక్కనే బుక్కరాయసముద్రం చెరువుంది, విజయనగర రాజుల నాటిది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే సీమలో అలాంటి చెరువులు శతాబ్దాలు నిలవడానికి ఏ ఒక్కరో కారణం కాదు. గట్టు మరమ్మతుకు దశబంధం మాన్యం పొందినవారు, నీరు పంచడానికి నీరుగంటి, కాలువల పూడిక తీయడానికి ఆయకట్టు రైతులు ఉండేవారు. ఇంగ్లీషువారి కాలంలో ఆ వంతులు సడలాక చాలా చెరువులు పూడిపోయాయి. ఆ పాత ఏర్పాటులో కులపు బరువు లేకపోలేదు; దాన్ని తిరిగి కోరడం లేదు. వంతుకొక పేరుండడం అన్న ఒక్కదాన్నే ఎరువు అడుగుతున్నాను.

"అందుబాటు అందరి బాధ్యత" అంటే వినసొంపుగా ఉంటుంది గాని, అది ఎవరి బాధ్యతా కాకుండా పోవడానికి దగ్గరి దారి. చివర్లో ఒక నిపుణుణ్ణి పిలవడమూ చాలదు. తెగిన గట్టుకు ఇసుక మూటలు వేయడం లాంటిదది. అక్షరానికీ వెనుక రంగుకూ తగినంత తేడా ఉంచడం రూపకర్త వంతు. మౌస్ లేకుండా అన్నీ నడిచేలా, తెలుగు పాఠాన్ని తెలుగు గొంతే చదివేలా చూడడం కోడు రాసేవారి వంతు. బొమ్మకూ మీటకూ మాట ఇవ్వడం నా వంతు. 2006 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్‌తో, తెర చూడకుండా ఒక్కసారి నడిపి చూడడం పరీక్షకుల వంతు. ఇవి తీరనిదే విడుదల లేదనడం మేనేజరు వంతు. చూపు లేనివారిని పిలిచి, పనికి తగిన డబ్బిచ్చి, వాడి చూడమనడం సంస్థ వంతు.

యూనికోడ్ కోసం పోరిన మనకిది కొత్త సంగతి కాదు. ఒకప్పుడు పత్రికలు తమ తమ ఫాంట్లలో అచ్చమైన తెలుగే చూపేవి. లోపల ఉన్నవి వేరే అక్షరాలు. కంటికి తెలుగు, చెవికి గందరగోళం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉండనే ఉంది. డిజిటల్ అందుబాటు 21వ అధికరణం కింది జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ బాధ్యతను మా గదిలో ఐదుగురికి పంచే పని ఏ కోర్టూ చేయదు.

మూడు మీటలకు పేర్లు పెట్టడానికి ఒక్క పూట పట్టింది. ఎవరు పెట్టాలో తేలడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ మా తమ్ముడు డబ్బు పంపాలంటే ఫోను ఇంకొకరి చేతికివ్వాల్సి వచ్చింది.

మీ మీ చోట్ల ఈ వంతులు ఎలా పంచుకున్నారో చెప్పగలరు.