ఓటర్ల జాబితాలో లేని బొగ్గు కార్మికులు

సింగరేణి బొగ్గు గనుల్లో 2023 డిసెంబరు 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లో నూటికి తొంభైకి పైగా ఓట్లు పోలయ్యాయి. అంతకు నెల ముందు అసెంబ్లీ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా ఓటెయ్యలేదు. బాయి పనిలో బతుకు గడిపి, యూనియన్ పిట్ సెక్రటరీగా చేసి రిటైరైన నాకు సింగరేణి పోలింగ్ చూస్తే గర్వంగానే ఉంటుంది.

కానీ ఆ ఓటర్లు దాదాపు 39 వేలు, అంతా పర్మినెంట్ కార్మికులే. ఓపెన్‌కాస్టులో మట్టి తీసేవాళ్లు, బొగ్గు లారీలు నడిపేవాళ్లు, బెల్టుల కింద పడ్డ బొగ్గు ఎత్తేవాళ్లు, ఆస్పత్రులు ఊడ్చేవాళ్లు వేలాది మంది కాంట్రాక్టు కింద ఉన్నారు. వాళ్లకు ఓటు లేదు. 1990ల మొదట్లో పర్మినెంట్లే లక్ష దాటి ఉండేవారు. ఉత్పత్తి అప్పటికన్నా కొన్ని రెట్లు పెరిగి 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. ఆ బొగ్గంతా 39 వేల మందే తీయలేదు కదా!

నేను చందా పుస్తకంతో నిలబడ్డ రోజుల్లో, షిఫ్ట్ దిగిన ప్రతి మనిషీ క్యాప్ ల్యాంప్ అప్పజెప్పి నా ముందు నుంచే పోయేవాడు. పేరు మస్టర్‌లో ఉండేది, అడిగితే ఆగేవాడు. మా వాడకట్టు పిల్లగాడొకడు ఇప్పుడు ఓ కాంట్రాక్టర్ దగ్గర పని చేస్తున్నాడు. వాడి హాజరు సూపర్‌వైజర్ జేబులోని నోటుబుక్కులో ఉంటుంది. టెండరు మారితే కాంట్రాక్టర్ మారతాడు. పని అదే, చోటూ అదే, సర్వీసు మాత్రం మళ్లీ మొదటికొస్తుంది. యూనియన్‌లో చేరరాదా అంటే, ‘చేరినంక రేపట్నుంచి రావొద్దంటే ఎవలకు చెప్పుకోవాలె కాకా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, సంస్థ మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న యూనియనే ఏకైక సంప్రదింపుల సంఘం. కాంట్రాక్ట్ కార్మికుడి పేరు ఉండేది కాంట్రాక్టర్ మస్టర్‌లో. పర్మినెంట్ జాబితా ఎంత కుదించుకుపోతే ఆ 51 శాతం అంత తేలిక. సభ్యత్వ శాతం బాగుందని యూనియన్లు సంబరపడితే నేను ఒప్పుకోను.

సభ్యత్వ శాతమొక్కటే అంతా చెప్పదని బయటి దేశాలు చూసినా తెలుస్తుంది. అమెరికాలో 1983లో నూటికి 20 మంది యూనియన్ సభ్యులుండేవారు, 2024కి పది మందే మిగిలారు. ఫ్రాన్స్‌లోనూ ఇప్పుడు సభ్యులు ఇంచుమించు అంతే. అయితే అక్కడ ఒక రంగంలో కుదిరిన ఒప్పందాన్ని సభ్యులు కానివాళ్లకూ ప్రభుత్వం వర్తింపజేస్తుంది కాబట్టి, తొంభై శాతానికి పైగా ఉద్యోగులు ఏదో ఒక ఒప్పందం కిందికి వస్తారు. మన బొగ్గు వేతన ఒప్పందమేమో పర్మినెంట్ల దగ్గరే ఆగిపోతుంది.

ఓటు లేకపోయినా 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్ట్ కార్మికులు సమ్మె చేసి చూపించారు. గుర్తింపు సంఘం, ఏరియాల్లో గెలిచిన ప్రాతినిధ్య సంఘం వచ్చే ఎన్నికలకు ముందే వాళ్లకు విడిగా బ్యాలెట్ పెట్టమని యాజమాన్యాన్ని అడగాలి. కాంట్రాక్టర్ మారినా చెల్లే సభ్యత్వ కార్డు ఇవ్వాలి. పని పోతే కేసు పోరాడటానికి చందాలోంచి కొంత సొమ్ము పక్కన పెట్టాలి, ఆ పిల్లగాడి భయం తీరాలంటే ముందు కావలసింది అదే. కాంట్రాక్ట్ కార్మికుణ్ని చేర్చుకోవడానికి ఏ యూనియన్‌కూ యాజమాన్యం అనుమతి అక్కర్లేదు. ఓపెన్‌కాస్టు గేటు దగ్గరికి రేపే పోవచ్చు.