నెల ఇంజెక్షన్‌కు తేదీయే ముఖ్యం

‘‘ఒక్క ఇంజెక్షన్ నెల రోజులు పనిచేస్తుందట కదా డాక్టర్ గారూ! అంత మందు ఒకేసారి ఎక్కిస్తే ప్రమాదం కాదా?’’ ఓపీలో తరచూ వినే ప్రశ్న ఇది. దాని వెంటే ఇంకోటి... ‘‘అందులో ప్లాస్టిక్ లాంటిది ఉంటుందట. అది ఒంట్లోనే ఉండిపోతుందా?’’

ఉండిపోదు. ఆపరేషన్లలో లోపల వేసే కరిగిపోయే కుట్ల గురించి మీరు వినే ఉంటారు. ఆ దారాల్లో కొన్నింటిని లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల గొలుసులతో తయారుచేస్తారు. చాలా డిపో ఇంజెక్షన్లలో వాడేదీ అలాంటి పదార్థమే. పేరు పీఎల్‌జీఏ. దాంతో చేసిన అతి సన్నని రేణువుల్లో మందును ఇమిడ్చి కండలోకి ఎక్కిస్తారు. ఒంట్లోని నీటికి ఆ రేణువులు కొద్దికొద్దిగా విడిపోతుంటే లోపలి మందు రోజూ కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. మిగిలిన ఆమ్లాలను శరీరం చివరికి నీరు, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేసుకుంటుంది.

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే ల్యూప్రోలైడ్‌ను ఒకప్పుడు రోజూ తీసుకోవాల్సి వచ్చేది. నెలకోసారి ఇచ్చే రకానికి 1989లో అమెరికాలో అనుమతి లభించింది. ఇప్పుడు మూడు నెలలకు, ఆరు నెలలకు ఒకసారి ఇచ్చేవీ ఉన్నాయి. రోగికి ఇదెంతో సుఖం. అయితే చిక్కంతా ఆ సుఖంతోనే. రోజూ వేసుకునే మాత్ర గుర్తుంటుంది. నెలకోసారి వచ్చే తేదీ జారిపోతుంది.

ఆ మధ్య ఓ కొడుకు తండ్రిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు. ప్రొస్టేట్ క్యాన్సర్. విపరీతమైన నడుం నొప్పి, కాళ్లలో పట్టు లేదు. వరసగా రెండు ఇంజెక్షన్లు తప్పాయి. ‘‘నాన్న బాగానే ఉన్నారు కదా, చెల్లి పెళ్లి అయ్యాక వద్దామనుకున్నాం సార్’’ అన్నాడు. ఆయన బాగున్నది మందు వల్లే. అది అయిపోయాక టెస్టోస్టెరాన్ మళ్లీ పెరుగుతుంది. ఈ క్యాన్సర్‌కు అదే మేత. తప్పంతా ఆ కొడుకుదే అనను. కిటకిటలాడే ఓపీలో మేమూ చీటీ మీద తేదీ రాసి పంపేస్తాం. ఆ తేదీ ఎందుకో చెప్పం.

మొదలుపెట్టేటప్పుడూ జాగ్రత్త కావాలి. స్కిజోఫ్రీనియాకు రెండు వారాలకోసారి ఇచ్చే రిస్పెరిడోన్ ఇంజెక్షన్లలో ఒక రకం ఉంది. తొలి ఇంజెక్షన్ ఇచ్చాక దాదాపు మూడు వారాల వరకూ దాన్నుంచి తగినంత మందు విడుదల కాదు. అప్పటిదాకా మాత్రలు వాడాల్సిందే. ‘ఇంజెక్షన్ చేశారుగా’ అని ఆ రోజే ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. ల్యూప్రోలైడ్‌తోనూ మొదటి ఒకటి రెండు వారాల్లో ఎముకల నొప్పి పెరగొచ్చు. దాన్ని అడ్డుకోవడానికి ఇచ్చే మాత్రలను మానొద్దు. కాళ్లు బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి రండి.

ఇంకో మాట. మూడు నెలల డోసును మూడు భాగాలు చేసి వాడుకోవడం కుదరదు. ఒకసారి ఎక్కించిన మందును వెనక్కి తీయడమూ సాధ్యం కాదు. అందుకే అలర్జీలుంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. ఇంజెక్షన్ కొని తెచ్చుకుంటే ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచొచ్చా అడిగి తెలుసుకోండి.

తర్వాతి తేదీని ఇంట్లో గోడ క్యాలెండర్ మీద రాయండి. రోగి ఒక్కరే కాదు, ఇంట్లో మరొకరూ దాన్ని గుర్తుంచుకోవాలి. ఊరెళ్లాల్సి వస్తే ముందే మాకు చెప్పండి, ఏం చేయాలో ఆలోచిద్దాం. ఒంట్లో మందు అయిపోయిన సంగతి రోగికి తెలియదు. ఆ తేదీని మీరే కనిపెట్టుకుని ఉండాలి.